బాబాయి తోలు కోటుకు ఇస్త్రీ

ఆ రోజుల్లో మాదాపూర్ సందుల్లో లేడీస్ హాస్టల్లో ఉండే ఆడపిల్లకు నోరుండటం ఒక అర్హత. నాకు ఆ అర్హత అవసరానికి మించి ఉండేది. షేర్ ఆటోలో చోటు లేకపోయినా ఇంకొకరిని ఎక్కిస్తే డ్రైవరుతో వాదించేదాన్ని. ఆ ఇంకొకరు నేనే అయితే చోటెందుకు లేదని వాదించేదాన్ని. సాంబారులో ముక్కలేవని హాస్టల్ ఆంటీని రోజూ అడిగేదాన్ని. ఆఫీసులో టీమ్ లీడు "ఇది ఇలా చేయాలి" అంటే "ఎందుకు" అనేదాన్ని, ఆయన ఓపిగ్గా ఎందుకో చెబితే "అయితే ఏంటి" అనేదాన్ని. హాస్టల్లో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ నేను ప్లీడరమ్మనే. ఇప్పుడు నలభై దాటి కొంతకాలమైంది. కళ్లజోడు వచ్చింది, మెట్లెక్కితే మోకాళ్లు చప్పుడు చేస్తున్నాయి, నోరు మాత్రం కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఇన్నేళ్లలో నేను పూర్తిగా, అప్పీలుకు కూడా వీల్లేకుండా ఓడిపోయిన వాదన ఒక్కటే కనిపిస్తుంది. అవతలి పక్షం ఒక తోలు కోటు. అందులో మనిషి లేడు. లేడనే ఇప్పటికీ నా వాదన.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఆన్‌సైట్ అనే మాట వింటే చాలు, ఒళ్లు పులకరించేది. క్లయింటు ఉన్న చలిదేశానికి వెళ్లి కొన్ని నెలలు అక్కడ కూర్చుని పని చేయడం. టికెట్టు కంపెనీది, వీసా కంపెనీది, చలి మాత్రం మనది. దానికి మా బ్యాచ్‌లో ఒక ఆచారం ఉండేది: ఎవరూ కోటు కొనుక్కోరు. వెళ్లొచ్చినవాళ్లను అడిగి తీసుకుంటారు, వచ్చాక ఒక చాక్లెట్ డబ్బాతో సహా తిరిగి ఇచ్చేస్తారు. అలా ఒకే కోటు అరడజను మంది ఒంటి మీద సముద్రాలు దాటేది. నా వంతు వచ్చేసరికి టీమ్‌లో ఉన్న కోట్లన్నీ విదేశాల్లో ఉన్నాయి. మిగిలిన ఒక్క కోటు ఎవరి దగ్గర ఉందో అతనితో నేను అంతకు ముందే మీటింగులో గట్టిగా గొడవపడి ఉన్నాను. (న్యాయం నా వైపే ఉంది. కోటు అతని వైపు ఉంది.) ఈ కష్టం ఫోన్లో అమ్మకు చెప్పుకుంటే, ఆవిడ క్షణం ఆలోచించి, బోరబండ పిన్ని దగ్గర బాబాయి తోలు కోటు ఉండాలి కదే, అడుగు, అంది.

బాబాయి మా నాన్నగారికి ఆఖరి తమ్ముడు. మా కోస్తా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి, ఫ్యాక్టరీలో షిఫ్టుల పనిలో కుదిరి, చర్చిలో పాటలు పాడే ఒక టీచరమ్మను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. ఆ సంగతి మా ఇళ్లల్లో చాలాకాలం గొంతు తగ్గించి చెప్పుకునేవారు. తెల్లవారుజామున షిఫ్టుకు స్కూటరు మీద వెళ్లేవాడికి చలి ఆగాలని కొనుక్కున్న కోటది. ఆయన జబ్బు చేసి పోయి అప్పటికి ఏడాది దాటింది. పిల్లలు లేరు. పిన్ని ఒక్కతే ఆ రెండు గదుల ఇంట్లో ఉంటూ, అక్కడి బడిలో పాఠాలు చెప్పుకుంటోంది.

నేను వెళ్లేసరికి పిన్ని వంటగదిలో ఉంది. లోపలికి వచ్చి చెప్పులు విడిచి తలుపు వెనక్కి నెట్టబోతే, తలుపు వెనకాల ఎవరో ఉన్నారు. "సారీ అండీ" అని పక్కకు జరిగాను. ఆయన ఏమీ అనలేదు. అప్పుడు చూశాను, మేకుకు వేలాడుతున్న గోధుమరంగు తోలు కోటు. ఇంతకీ పొరబడటానికి కారణం నా కళ్లు కావు. ఎక్కడైనా మేకుకు తగిలించిన కోటు నిలబడినట్టు ఉంటుంది, అది కూర్చుని ఉంది. పొట్ట దగ్గర తోలు ముడతలు పడి, వీపు కొంచెం ముందుకు వంగి, కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి ముందుకు చాచి ఉంది. ఎడమచెయ్యి మాత్రం తిన్నగా కిందికి వేలాడుతూ, ఒకింత వెనక్కి పోయింది. ఇంట్లో గాలి లేదు. అయినా దాని ముందు నుంచి నడిచి వెళ్లాలంటే, కూర్చున్న పెద్దమనిషి కాళ్లు దాటి పోతున్నట్టు అనిపించింది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేను అడగ్గానే ఇస్తానంది. ఇస్తానన్నాక కాసేపు దాని ముందు నిలబడింది. తర్వాత నిద్రపోతున్నవాళ్లను లేపినట్టు రెండు చేతులతో మెల్లగా మేకు మీంచి తీసింది.

"తీస్కపో బిడ్డా. చలికి ఏస్కునేదే గదా, ఇంట్ల ఉండి ఏం జేస్తది. కానీ ఎట్లున్నదో అట్ల తెచ్చియ్యి."

"అంతకంటే బాగా తెచ్చిస్తాను పిన్నీ" అన్నాను.

ఆవిడ ఏదో చెప్పబోయింది. లోపల కుక్కరు కూత పెట్టింది, అన్నం మాడుతుందని పరుగెత్తింది. ఆ కుక్కరు ఇంకో నిమిషం ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో కోటును నా పక్కన పెట్టుకున్నాను. మధ్యలో ఒక ముసలమ్మ ఎక్కి, చోటు కోసం చూసి, కోటు మోచేతి మీద తట్టి "జర జరుగు నాయనా" అంది. తర్వాత తల ఉండాల్సిన చోట చూసింది. నా వైపు చూసింది. ఆవిడ ఎక్కిందే అప్పుడు, అయినా వెంటనే ఆటో ఆపించుకుని దిగిపోయింది. నేను మాత్రం ఒక సీటు మిగిలిందని సంతోషించాను. అంతటి తెలివి నాది.

నా గదిలో నాతోపాటు ఉండేది వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక నర్సు. హాస్టలంతా ఆమెను సిస్టర్ అనేవాళ్లు. రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోయేది, మాటలు తక్కువ, ఉన్న ఆ కొద్ది మాటలూ వింటే మనకు నిద్ర పట్టేది కాదు. కిటికీ ఊచలకు తీగ హ్యాంగరుతో తగిలించిన కోటును చూసి, ఎవరిదని అడిగింది. పోయిన మా బాబాయిదని చెప్పాను. ఆమె దగ్గరికెళ్లి ఆ కుడి మోచేతిని, తన వార్డులో రోగిని చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా దవాఖానల గూడ గింతే ప్లీడరమ్మా. కొందరు ముసలోళ్లు ఏండ్లకేండ్లు చెయ్యి ముడుసుకొనే పండుకుంటరు. పానం పోయినంక సాపు జేద్దామని ఒత్తుతం. ఒత్తినంత సేపు సాపుగనే ఉంటది. ఇడిస్తే మల్ల అట్లనే వస్తది."

ఈ మాట చెప్పి, కోటును కిటికీవైపు తిప్పి, దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కోటు మళ్లీ గదిలోకి తిరిగి ఉంది. నువ్వు తిప్పావా అంటే లేదంది. తీగ హ్యాంగరు కదా, ఫ్యాను గాలికి తిరుగుతుంది. (ఆ రోజు కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది అని నేను విచారించలేదు. కొన్ని విషయాల్లో ప్లీడర్లు కూడా సాక్షులను పిలవరు.)

మా పుట్టింట్లో ఒక పద్ధతుంది. అరువు తెచ్చుకున్న బట్టను ఇస్త్రీ చేయకుండా కట్టుకోకూడదు, ఇస్త్రీ చేయకుండా తిరిగి ఇవ్వకూడదు. పక్కింటావిడ పట్టుచీర పెళ్లికి తెచ్చుకుంటే, అమ్మ అది వెళ్లినప్పటికంటే నున్నగా వాళ్లింటికి చేర్చేది. ఎట్లున్నదో అట్ల అని పిన్ని అంటే, చిరగకుండా, మరక పడకుండా తెమ్మంటోందని నేను అర్థం చేసుకున్నాను. దానికి తోడు, క్లయింటు ముందు నీటుగా కనిపించాలని టీమ్ లీడు అందరికీ చెప్పి ఉన్నాడు. ఆ ముడతలతో వెళితే నేను ఎవరి ఒంటి మీంచో కోటు ఊడబెరుక్కుని వచ్చినట్టు ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్లో వెతికితే తోలు కోటు ముడతలు ఇంట్లోనే ఎలా పోగొట్టాలో బోలెడన్ని చిట్కాలు దొరికాయి: వెడల్పు హ్యాంగరుకు వేలాడదీయండి, స్నానాలగదిలో వేణ్నీళ్ల ఆవిరి పట్టించండి, పైన నూలుగుడ్డ పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి, తడి మాత్రం తగలనివ్వకండి. ఎక్కడా ఒక్కరు కూడా, ముందు ఆ ముడతలు ఎవరివో కనుక్కోండి, అని రాయలేదు.

ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాను ముహూర్తం. ఆదివారం మధ్యాహ్నం మాదాపూర్ ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. వారమంతా క్యాబులు, హారన్లు, ట్యాగులు వేసుకున్న జనం. ఆ రోజు మాత్రం అద్దాల భవనాలన్నీ కళ్లు తెరిచి నిద్రపోతున్నట్టుంటాయి. మా హాస్టల్లో పిల్లలంతా సినిమాలకీ షాపింగుకీ పోయారు. ఎండ కారిడార్లో పడి కదలకుండా ఉంది. ఎక్కడో కుళాయి చుక్క పడుతోంది. సిస్టర్ గదిలో ముసుగుతన్ని పడుకుంది. నేను గీజరు నుంచి రెండు బకెట్లు మరిగే నీళ్లు పట్టి, తీగ హ్యాంగరుకు తువ్వాలు చుట్టి లావు చేసి, కోటును స్నానాలగదిలో కొక్కేనికి తగిలించి, తలుపు మూసి బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి లోపల చప్పుడైంది. నీళ్ల చప్పుడు కాదు. తోలు సోఫాలో చాలాసేపటి నుంచి కూర్చున్న మనిషి సర్దుకుని కూర్చుంటే వచ్చే చప్పుడు, మెల్లగా, కిర్రుమని. ఆగింది. మళ్లీ వచ్చింది. వేడికి తోలు సాగుతోంది, ఇందులో వింతేముంది, అని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. గట్టిగా ఎందుకు చెప్పుకున్నానంటే, వినాల్సినవాళ్లు ఇద్దరున్నట్టు అనిపించింది. తలుపు తీస్తే తెల్లటి ఆవిరి ముఖం మీదికి వచ్చింది. ఆవిరి పల్చబడ్డాక చూశాను. గోడవైపు తిప్పి తగిలించిన కోటు తలుపువైపు తిరిగి ఉంది. వీపు వంపు పోయింది, కుడిచెయ్యి కిందికి దిగింది. లోపల పెట్టినప్పటికంటే పొడుగ్గా ఉంది. ఇందాకటి దాకా కూర్చున్నవాడు, నేను తలుపు తీయగానే లేచి నిలబడ్డాడు.

భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ పని సగంలో ఆపితే ఓడిపోయినట్టు కదా. గదిలోకి తెచ్చి, మంచం మీద పరిచి, నా నూలు చున్నీ కప్పి, ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద పెట్టి రుద్దాను. పొట్ట దగ్గర ముడతలు పోయాయి. మోచేతి దగ్గర ఆ లోతైన మడత మొండికేసింది. నేనూ మొండిదాన్నే. ఒత్తి పట్టుకుని రుద్దగా రుద్దగా అదీ లొంగింది. చివర్లో మెరుపు రావడానికి రెండు చుక్కలు కొబ్బరినూనె కూడా రాశాను. (ఇది కంప్యూటర్ చెప్పలేదు. మా అమ్మమ్మ అన్నిటికీ రాసేది.) కోటు కొత్తగా, నున్నగా, షాపులో బొమ్మకు తొడిగినట్టు తయారైంది. విజయగర్వంతో దాని వైపు చూశాను. గది ఎందుకో హఠాత్తుగా బోసిగా అనిపించింది. ముగ్గురం ఉన్న గదిలో ఇద్దరం మిగిలినట్టు.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. పిన్ని.

"కోటు మంచిగున్నదా బిడ్డా?" అంది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగినట్టు అడిగింది. బ్రహ్మాండంగా ఉందన్నాను. తర్వాత తనే నవ్వి, చెప్పకూడదనుకుంటూనే చెప్పింది.

"నాకొక పిచ్చి అలవాటున్నదిలే. పొద్దుగాల బయటికి పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగి ఆయన మోచేయి మడతల ఏలు పెడ్త. స్కూటర్ ఎక్కినంక గట్లనే పట్టుకునేదాన్ని. గియ్యాల చర్చికి పోతుంటే ఏలు పెట్టబోతే మేకు తగిలింది. ఫోటోల ఉన్నడంటే నమ్మబుద్ధి గాదు బిడ్డా, ఫోటోల వేరే మనిషి లెక్కుంటడు. ఆ మడతల్నే ఉన్నడు. జర పైలంగ చూస్కో."

నేను అలాగే పిన్నీ అన్నాను. జీవితంలో నేను ఎదురు చెప్పకుండా ఫోను పెట్టేసిన మొదటి సందర్భం అదే. మంచం మీద నున్నటి కోటు ఉంది. దాని చేతులు రెండూ తిన్నగా, ఒకేలా, ఎవరివీ కాకుండా ఉన్నాయి. ఎక్కడా వేలు దూరే చోటు లేదు. పోయిన మనిషిని నేను తక్కువ వేడి మీద ఇస్త్రీ చేసేశాను.

సిస్టర్‌ను లేపి జరిగింది చెబితే, ఆమె కూర్చుని కోటును చూసి, నన్ను చూసి, "ఆయనకు గీ తిప్పలు బతికున్నప్పుడు గూడ లేకుండె గావచ్చు" అని మాత్రం అంది. ముడతలు పోగొట్టడానికి లోకంలో ఎన్ని చిట్కాలున్నాయో, తెచ్చి పెట్టడానికి ఒక్కటీ లేదు. కానీ ఆవిరికి పోయింది ఆవిరికే రావాలి కదా అని నేనొక సిద్ధాంతం లేవదీశాను. ఇద్దరం కోటును ఇంకోసారి ఆవిరికి పెట్టి తెచ్చాం. పొట్టలో సిస్టర్ దిండు కుక్కాం, చేతుల్లో తువ్వాళ్లు దూర్చాం. ప్లాస్టిక్ కుర్చీని కిటికీకి ఎదురుగా వేసి అందులో కూర్చోబెట్టాం. తుడుపుకర్రను హ్యాండిల్‌లా అడ్డంగా పెట్టి, రెండు చేతులూ మోచేతి దగ్గర మడిచి, దానికి రిబ్బన్లతో కట్టాం. కాలరు లోపలికి కూలిపోతుంటే దాన్ని నిలబెట్టడానికి స్టీలు చెంబు బోర్లించాం. అయ్యాక ఇద్దరం వెనక్కి వచ్చి చూసుకున్నాం. ఎండ పడి చెంబు తళతళా మెరుస్తోంది. లేడీస్ హాస్టల్ మూడో అంతస్తులో, పట్టపగలు, ఒక బట్టతలాయన కిటికీలోంచి బయటికి స్కూటరు నడుపుతున్నాడు.

మా కిటికీకి ఎదురుగా ఉన్నది జెంట్స్ హాస్టల్. ఆదివారం వాళ్లకు మాత్రం ఏం పనుంటుంది. వాళ్లలో ఎవరో మా ఆంటీకి ఫోను చేసి, మాకైతే అక్క వచ్చినా గేటు దగ్గరే నిలబెడతారు, మీ దగ్గర పెద్దవాళ్లకు రూల్సు వేరేనా అని నిలదీశారట. ఆంటీ తెనాలి మనిషి, ఆ వీధిలో ఆవిడ గొంతుకు ఎదురు లేదు, నా గొంతు తప్ప. మెట్లు ఎక్కుతున్నప్పుడే కేకలు మొదలుపెట్టి, తలుపు తోసుకుని కుర్చీ వెనకదాకా వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని ఆగింది.

"అమ్మాయ్. ఎవరే ఆ బట్టతలాయన?"

నా నోరు తన పని తాను చేసుకుపోయింది. "బోర్డు మీద ఏముంది ఆంటీ, మగవాళ్లు రాకూడదని కదా. ఈయన రాలేదు, నేనే ఆటోలో తెచ్చాను. మా బాబాయి. పోయి ఏడాది దాటింది."

ఆంటీ కోటు వీపు వైపు చూసింది, చెంబు వైపు చూసింది. గొంతు బాగా తగ్గించి, "పోయినాయన నా హాస్టల్లో స్కూటరెందుకు నడుపుతున్నాడే" అంది.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు, స్నానాలగదిలో విన్నదే, కిర్రుమని. ఎడమచేతికి కట్టిన రిబ్బను దానంతట అదే వదులైంది. (ముడి నేనే వేశాను. నా ముళ్ల సంగతి నాకు తెలుసు.) చెయ్యి కర్ర మీంచి జారి, తొందర లేకుండా కిందికి దిగి, తిన్నగా అయి, అక్కడ ఆగకుండా మెల్లగా వెనక్కి వచ్చింది. వచ్చి, కుర్చీ వెనక నిలబడిన ఆంటీ మోకాలిని తాకింది. ఒక్కసారి. ఎవరైనా ఉన్నారా అని తడిమి చూసినట్టు. తర్వాత మళ్లీ కిందికి వేలాడింది.

ఆంటీ అరవలేదు. అరిచినా బాగుండేది. రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విడిచి, కుర్చీకి దణ్ణం పెట్టి, "ఉండనీయమ్మా పాపం. చీకటి పడకముందు మాత్రం పంపించెయ్" అని, వెళ్లేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఆనాటి నుంచి నా సాంబారులో ముక్కలు కనిపించడం మొదలైంది. అడగకుండానే.

చీకటి పడకముందే నేనూ సిస్టరూ దిండూ తువ్వాళ్లూ తీసేశాం. రెండు చేతులూ మేం ఒకేలా మడిచి కట్టాం కదా. కుడి మోచేతి దగ్గర లోతైన మడత, చుట్టూ సన్నటి తెల్లగీతలతో సహా, పాత చోటుకే వచ్చింది. ఎడమచెయ్యి మేం వేసిన మడతను పట్టించుకోలేదు. తిన్నగానే ఉంది, ఒకింత వెనక్కి. సిస్టర్ దాన్ని చూసి, "ఇడిస్తే మల్ల వస్తదని చెప్పిన గద" అని డ్యూటీకి తయారవడానికి పోయింది. నేను చూపుడువేలు ఆ మడతలో పెట్టబోయి ఆగిపోయాను. నా చోటు కాదది.

ఆ శీతాకాలమంతా ఆ కోటు వేసుకునే చలిదేశంలో తిరిగాను. అక్కడ అది ఏ వింతా చేయలేదు, బుద్ధిగా వెచ్చగా ఉంది. అయితే నేను ఎక్కడైనా నేనే కదా. క్లయింటుతో, మా మేనేజరుతో, రొట్టెలమ్మే ఆవిడతో, అందరితో వాదించి, చాక్లెట్ డబ్బాతో తిరిగొచ్చి, వచ్చిన వెంటనే బోరబండ వెళ్లాను. ఇస్త్రీ మాత్రం చేయలేదు. పిన్ని కోటును మేకుకు తగిలించి, నా వైపు వీపు పెట్టి నిలబడి, కుడి మోచేతి మడతలో వేలు పెట్టింది. పెట్టిన వేలు తీయకుండా చాలాసేపు ఉంది.

"ఉన్నడు" అంది.

అక్కడితో ఆగకుండా ఆవిడ చెయ్యి ముందుకు పోయింది. రెండు చేతుల లోపలి వైపునా, ఛాతీకి అడ్డంగానూ, కొత్తగా పడిన ముడతలు ఒక్కొక్కటే తడిమింది. "గివి ఆయనయి కావు" అంది. ఆవిడ కోటు చేతులు రెండూ పట్టుకుని, ముడతలు ఎటు తీసుకెళితే అటు పోనిచ్చింది. అవి ఛాతీ మీదికి వచ్చి, ఒకదాని మీద ఒకటి పడి, కట్టుకున్న చేతుల్లా ఆగాయి. పిన్ని తిరిగి నన్ను చూసింది. నేను అప్పుడు అచ్చం అలాగే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

"చేతులు కట్టుకొని ఎవలతోని కొట్లాడినవే అక్కడ, చలికాలమంతా?"

అందరితోనూ అన్నాను. ఆవిడ నవ్వి, కాలరు వాసన చూసి, మళ్లీ నవ్వింది. "బతికినన్నాళ్లు నూనె పెట్టనియ్యలే. ఇప్పుడు పెట్టించుకున్నడు" అంది. ఇంకేం అడగలేదు. నేనే ధైర్యం చేసి, ఎడమచెయ్యి అలా వెనక్కి ఎందుకుందని అడిగాను. గేరు మార్చేటప్పుడు తప్ప ఆ చెయ్యి హ్యాండిల్ మీద ఉండేది కాదట. వెనక పిన్ని ఉందో, ఎక్కడైనా పడిపోయిందో అని మాటిమాటికీ ఆమె మోకాలు తడిమి చూసుకునేవాడట. "పోలీసోళ్లు ఎన్నిసార్లు తిట్టిన్రో" అంది. నేను మా ఆంటీ గురించి చెప్పలేదు. మంచినీళ్లు అడిగి తాగాను.

ఇప్పుడు ఆ కోటు నా దగ్గరే ఉంది. పిన్ని రిటైరయ్యాక అక్కడే ఒక చిన్న ఫ్లాటుకు మారింది. తలుపుకు మేకు కొట్టనివ్వని ఇల్లు. "నాకిప్పుడు ఏలు పెట్టకున్నా ఎరుకే. దాంట్ల నీ మడతలే ఎక్కువున్నయి, నువ్వే ఉంచుకో" అని తెచ్చి ఇచ్చింది. నానక్‌రామ్‌గూడలో మా ఫ్లాటులో, నేను ఇంటి నుంచి పనిచేసే గదిలో, నా వెనక ఉన్న ఇంకో కుర్చీకి తొడిగి ఉంటుంది. సందు మొదట్లో ఇస్త్రీబండి అతనికి బట్టలు వేసేటప్పుడు ఆ గది తలుపు మూసేస్తాను. ఈమధ్య వీడియో మీటింగులో మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొహమాటపడుతూ, మేడమ్, ఇది కాన్ఫిడెన్షియల్ కదా, మీ వెనక సార్ ఎవరో కూర్చున్నారు, అంది. మా బాబాయి, ఎవరికీ చెప్పడులే, అన్నాను. (ఆ అమ్మాయి ఆ రోజంతా కెమెరా ఆన్ చేయలేదు.)

మీటింగులయ్యాక అప్పుడప్పుడు నా కుర్చీ వెనక్కి తిప్పి చూస్తాను. సాయంత్రానికి కోటు కొంచెం కిందికి జారి, చేతులు ఛాతీ మీదికి వచ్చి ఉంటాయి. నాకు లోపల ఎవరున్నారో అప్పుడు సందేహం ఉండదు. మాదాపూర్ హాస్టల్ పిల్ల ఒకతి, చేతులు కట్టుకుని, లోకమంతా తప్పనీ తనొక్కతే ఒప్పనీ నన్ను చూస్తూ ఉంటుంది. దానితో నేను వాదించను, అది ఎలా మాట్లాడుతుందో నాకు తెలుసు. మెల్లగా ఆ చేతులు విడదీసి, కుడి మోచేతి మడతలో వేలు పెడతాను. పిన్ని అనుమతి ఇచ్చింది. లోపల వెచ్చగా ఉంటుంది. పడమటి కిటికీ ఎండ పడుతుంది కాబట్టి ఉంటుందని నేనంటాను. ఆ గదికి పడమట కిటికీయే లేదని మావారు అంటారు. ఆ వాదన ఇంకా తేలలేదు.